2030 క్రీడల్లో మన రాష్ట్రాలూ వాటా అడగాలా?

నల్లగండ్ల_రవి: 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కి ఖరారయ్యాయి కదా. కొన్ని పోటీలైనా హైదరాబాద్‌కో, విశాఖకో ఇవ్వమని మన ప్రభుత్వాలు గట్టిగా అడగాలంటాను. ఆటలు పదిరోజుల్లో అయిపోతాయి, కట్టినవి ఉండిపోతాయి. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలు రాకపోతే గచ్చిబౌలికి అథ్లెటిక్ స్టేడియం, ఇండోర్ హాలు వచ్చేవా? 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ జరిగింది ఆ ఇండోర్ స్టేడియంలోనే.

పాతబస్తీ_పంతులు: రవిగారూ, స్టేడియం వచ్చింది, ఒప్పుకుంటా. పతకాలు మాత్రం అక్కడి నుంచి రాలేదు. గోపీచంద్‌కి ప్రభుత్వం 5 ఎకరాలిస్తే ఆయన ఇల్లు తాకట్టు పెట్టి, దాతల్ని బతిమాలి 2008కి అకాడమీ నిలబెట్టాడు. సింధు తయారైంది అక్కడే. ఇక ఆటల వల్లే రోడ్లు పడ్డాయంటారా, హైటెక్ సిటీ 1998లోనే మొదలైంది, ఆటలు రాకపోయినా అవి పడేవి. గచ్చిబౌలిలో ఆటగాళ్ల బస కోసం కట్టిన టవర్‌ని 2020లో కోవిడ్ ఆసుపత్రి చేశారు. దాన్నిబట్టే తెలియడంలేదా, అది ఎంత ఖాళీగా ఉండేదో!

నల్లగండ్ల_రవి: సైనా మొదట రాకెట్ పట్టింది ఎల్బీ స్టేడియంలో, ప్రభుత్వ కోచ్ దగ్గర. అది మర్చిపోకండి.

మెల్‌బోర్న్_మాధవి: ఇక్కడి సంగతి చెప్తాను. 2026 కామన్వెల్త్ క్రీడల్ని మెల్‌బోర్న్‌లో కాకుండా జీలాంగ్, బల్లారట్, బెండిగో లాంటి ఊళ్లలో జరుపుతాం, వాటి దశ తిరుగుతుంది అని మా విక్టోరియా ప్రభుత్వం ఊదరగొట్టింది. 2.6 బిలియన్ ఆస్ట్రేలియా డాలర్లనుకున్న ఖర్చు 6 బిలియన్లు దాటేలా ఉందని 2023 జులైలో చేతులెత్తేసింది. ఒక్క పోటీ జరపకుండా 380 మిలియన్లు పరిహారం కట్టింది. అయితే అదే రోజు ఆ ఊళ్లకి ఇళ్లు, ఆట స్థలాల కోసం 2 బిలియన్ల ప్యాకేజీ కూడా ప్రకటించింది. మరి ఆటలు లేకుండానే కట్టగలిగినప్పుడు ఇంత తతంగం దేనికి? చివరికి ఆ క్రీడల్ని తీసుకున్న గ్లాస్గో ఉన్న స్టేడియాలతోనే, నాలుగంటే నాలుగు వేదికల్లో కానిచ్చేస్తోంది.

పీఈటీ_మాస్టారు: నేను జిల్లా హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మా పిల్లలు ముగ్గుపిండితో గీసిన లైన్ల మధ్య మట్టిలో పరిగెడతారు. స్టేట్ మీట్‌కి వెళ్లిన రోజే సింథటిక్ ట్రాక్ చూడటం, ఎవరివో అరువు స్పైక్స్ (మేకుల బూట్లు) తొడుక్కోవడం. కాలు అలవాటు పడేలోపే హీట్స్, అంటే తొలి రౌండ్ పరుగులు, అయిపోతాయి. కాబట్టి ట్రాక్‌లు వద్దని నేననను. కానీ ఒక పెద్ద స్టేడియంలో నేను కళ్లారా చూసింది వేరు. మొదటి లేన్ నిండా వాకర్లు, మూలమలుపు దగ్గర పైపొర లేచి ముక్కలు ఊడొస్తున్నాయి, లాంగ్‌జంప్ గుంతలో ఇసుక వానకి గట్టిపడి తిరగేసే దిక్కు లేదు. పిల్లల్ని తీసుకెళ్తే ఫీజు కట్టి రమ్మన్నారు! సింథటిక్ ట్రాక్‌కి పదేళ్లకోసారైనా కొత్త పొర పడాలి. టెండర్ పిలిచినప్పుడే ఆ డబ్బు విడిగా పెట్టండి. గ్రౌండ్‌మన్ జీతం, ఉదయం రెండు గంటలు సర్కారు బడి పిల్లలకి ఉచితం, ఇవి కాగితం మీద రాయించండి. అప్పుడు వేదిక అడగండి, నేనూ సంతకం పెడతా.

పాతబస్తీ_పంతులు: ఆటలయ్యాక ఆ కాగితాన్ని ఎవరు చూస్తారు మాస్టారూ?

నల్లగండ్ల_రవి: పెళ్లి కుదిరితేనే ఇంటికి సున్నం పడుతుంది పంతులుగారూ, మన ప్రభుత్వాల తీరు మీకు తెలియంది కాదు. మాస్టారూ, ఇన్నేళ్లలో మీ జిల్లాకి ఏ ఆటలూ రాలేదు కదా, మరి ట్రాక్ వచ్చిందా?

పీఈటీ_మాస్టారు: రాలేదు. అర్జీ ఫైల్లో ఉందంటున్నారు. అయితే హైదరాబాద్‌కి ఇంకో స్టేడియం వస్తే మా జిల్లాకి ఎలా వస్తుందో అది మాత్రం మీరు చెప్పలేదు.