పన్నెండేళ్లు ఇంట్లో ఉన్నాక 'ఎక్స్‌పీరియన్స్ లెటర్' తెచ్చుకోవడం తప్పా?

కంటోన్మెంట్ కోడలు (విజయనగరం):

నాకు 39 ఏళ్లు. 2007లో బీకామ్ కంప్యూటర్స్ పూర్తయింది. ఒక సిమెంటు, ఐరన్ డీలర్ దగ్గర ఆరేళ్లు అకౌంట్స్ చూశాను, పెళ్లయ్యాక కూడా. 2013లో రెండోవాడు కడుపులో ఉండగా మానేశాను. ఆ తర్వాత పిల్లలు, మామయ్యగారికి పక్షవాతం, ఒకదాని వెంట ఒకటి. చూస్తుండగానే పన్నెండేళ్లు అయిపోయాయి.

పోయిన నెల ఒక ఆఫీసులో ఇంటర్వ్యూకి వెళ్లాను. పేరు చెప్పను. లోపలున్నాయన నా బయోడేటా చదివి, కాగితం తిరగేసి వెనక ఏమైనా ఉందేమో కూడా చూసి, "2013 తర్వాత?" అన్నారు. "ఖాళీగానే ఉన్నానండి" అనేశాను. ఆ రోజు పొద్దున్న నాలుగున్నరకు లేచి, ఇద్దరికి క్యారేజీలు కట్టి, మామయ్యగారి చేత కాలు కదిలించే వ్యాయామం చేయించి, మోటారు వేసి ట్యాంకు నింపి మరీ వెళ్లినదాన్ని. అయినా నోటికి ఆ మాటే వచ్చింది. "ఫోన్ చేస్తామమ్మా" అన్నారు. చేయలేదు.

మా ఆడపడుచు వాళ్లాయనకు ఎలక్ట్రికల్ షాపుంది. "2016 నుంచి మా దగ్గర అకౌంటెంట్‌గా చేసినట్టు లెటర్‌హెడ్ మీద రాసి స్టాంపు వేసిస్తాను, ఎవడడుగుతాడమ్మా" అంటున్నారు అన్నయ్యగారు. మా వారు కూడా తీసుకోమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. అలాగని వద్దని గట్టిగా అనలేకపోతున్నాను. మీరైతే ఏం చేస్తారు?

చీపురుపల్లి చిన్నోడు:

తీసుకో అక్కా, ఇందులో ఆలోచించడానికేముంది? నేను బీటెక్ అయ్యాక రెండేళ్లు ఊళ్లో క్రికెట్ ఆడాను. బయోడేటాలో 'ఫ్రీలాన్స్' అని రాసుకున్నాను. ఇప్పటిదాకా ఎవడూ కిక్కురుమనలేదు. నువ్వు ఆరేళ్లు నిజంగా చేసినదానివి. పైగా చిన్న షాపు, 20 మంది పనివాళ్లు ఉండరు కాబట్టి పీఎఫ్ గొడవ లేదు. చెక్ చేయాలన్నా దారి లేదు.

రాజాం అకౌంట్స్:

నేనొక మిల్లు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మా సెక్షన్‌లోకి మనుషుల్ని తీసుకునేదీ నేనే. చిన్నోడు గారూ, మేం పీఎఫ్ చూడం, నిజమే. లెటర్ కూడా పెద్దగా చూడం. అవి ఎలా పుడతాయో మాకు తెలుసు కదా!

కానీ మేడమ్, 2016 నుంచి చేశానని మీరంటే, 2017 జూలై 1న వ్యాట్ పోయి జీఎస్టీ వచ్చినప్పుడు ఆ షాపు లెక్కలు మీ చేతిలోనే ఉన్నట్టు. ఆ రోజులు ఏ అకౌంటెంటూ మర్చిపోడు. పాత స్టాకు మీద క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను తగ్గింపు) కోసం ట్రాన్-1 ఫారం వేయడం, పోర్టల్ తెరుచుకోక అర్ధరాత్రి దాకా కూర్చోవడం. "అప్పుడు మీ షాపులో ఎలా జరిగిందమ్మా?" అని మాటల్లో అడుగుతాను. చేసినవాళ్లు తిట్లతో మొదలుపెడతారు. చేయనివాళ్లు కోచింగ్ సెంటర్లో చెప్పింది అప్పజెబుతారు. అంతే, రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

మీ ఏళ్ల లెక్కతో నాకు ఇబ్బంది లేదు. మీరు ఆగిపోయింది వ్యాట్ దగ్గర, అదీ ఇబ్బంది. దాన్ని ఏ లెటరూ పూడ్చలేదు.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

నేను తీసుకున్నాను అలాంటి లెటర్. అందుకని చెప్తున్నాను.

ఎనిమిదేళ్లు ఇంట్లో ఉన్నాక, తెలిసినాయన షాపు పేరు మీద నాలుగేళ్ల అనుభవం రాయించుకున్నాను. ఉద్యోగం వచ్చింది. పని కూడా బాగానే చేశాను, నెల తిరక్కుండా క్యాష్ బాక్స్ తాళాలు నా చేతికిచ్చారు. తొమ్మిదో నెలలో అరసవల్లిలో ఒక పెళ్లి. మా ఓనరూ, నాకు లెటర్ ఇచ్చినాయనా పక్కపక్కన భోజనాలకు కూర్చున్నారట. "ఆవిడ మీ దగ్గర ఎలా చేసేదండీ?" అని మా ఓనరు మామూలుగా అడిగారట. ఈయన "ఏ ఆవిడ?" అన్నారట. తర్వాత సర్దుకోబోయారట గానీ అప్పటికే అయిపోయింది.

సోమవారం వెళ్లేసరికి తాళాలు వేరే అమ్మాయి దగ్గరున్నాయి. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. జీతం ఆపలేదు. టీ వచ్చినప్పుడు నాకూ ఇచ్చారు. ఇంకో నాలుగు నెలలు చేసి నేనే మానేశాను.

కానీ ఒకటి. ఆ లెటర్ లేకపోతే నన్ను ఆ గుమ్మం ఎక్కనిచ్చేవారు కాదు. అంతకుముందు ఐదు చోట్ల నిజం చెప్పాను, ఐదు చోట్లా ఫోన్ చేస్తామన్నారు. కాబట్టి వద్దని మీకు చెప్పే నోరు నాకు లేదు. మన ఊళ్లు చిన్నవి, అందరూ అందరికీ చుట్టాలే. ఆ మాట మాత్రం గుర్తు పెట్టుకోండి.

ఏడురోడ్ల బాబాయి:

అమ్మా, ఈ తిప్పలన్నీ ఎందుకు? ఇంటి పట్టునే ఉండి పచ్చళ్లు పెట్టి అమ్మొచ్చు. లేదా ఎల్ఐసీ వాళ్ల బీమా సఖి ఉంది, 2024 డిసెంబరులో పెట్టారు. పదో తరగతి చాలు, మొదటి ఏడాది నెలకు 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000 ఇస్తారు, కమీషన్ వేరే. లేదా డీఎస్సీకి చదువుకో. 2025లో 16,347 పోస్టులు ఇచ్చారు, వయసు కూడా 44 దాకా పెంచారు.

బొబ్బిలి వీణ:

బాబాయిగారూ, ఆవిడకు బీఎడ్ లేదు. పోస్టు చదవండి ముందు.

బీమా సఖిలో ఏడాది ఏడాదికీ చేతికొచ్చేది తగ్గుతుంది, పాలసీలు కట్టిస్తేనే వస్తుంది. నలుగురి ఇళ్లకు తిరిగి అడగగలిగిన వాళ్లకు బాగుంటుంది, ఆవిడ అడిగింది అకౌంట్స్ పని. ఇక పచ్చళ్లు. మూడేళ్లు ఆవకాయ పెట్టి అమ్మాను నేను. చుట్టాలు "అబ్బ, ఏం రుచి" అంటూ సీసాలు సీసాలు పట్టుకెళ్లారు. డబ్బులడిగితే "మనలో మనకు డబ్బులేటి?" అన్నారు. నూనె కొట్టువాడు మాత్రం మనవాడు కాదు కదా, వాడికి కట్టాల్సి వచ్చింది.

అక్కా, లెటర్ వద్దు. 'గృహిణి, 2013 నుంచి' అని తల ఎత్తుకుని రాయండి. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక యాక్సిడెంట్ కేసులో, ఇంట్లో పనిచేసే ఆడమనిషికి ఆదాయం లేదనడం తప్పని, ఆ పనికీ విలువ కట్టాల్సిందేనని చెప్పింది. ఆ మాట విడిగా వివరంగా రాసింది మన తెలుగాయనే, జస్టిస్ ఎన్.వి. రమణ.

రాజాం అకౌంట్స్:

ఆ కేసు నాకూ తెలుసు. కాకపోతే అక్కడ విలువ కట్టింది ఆ ఇల్లాలు యాక్సిడెంట్లో పోయాక, నష్టపరిహారం లెక్కలో. బతికున్న మనిషి బయోడేటాలో ఆ లైను రాస్తే జీతం పెంచిన ఓనర్ని నేనింకా చూడలేదు. వెటకారం అనుకోకండి, కడుపుమంటతోనే అంటున్నాను.

ఇంకో మాట. ఈ మధ్య కొందరు 'హోమ్ మేనేజర్', 'బడ్జెట్ ప్లానింగ్', 'టైమ్ మేనేజ్‌మెంట్' అని రాస్తున్నారు. ఎక్కడో నెట్‌లో చూసి దించినట్టు తెలిసిపోతుంది. దానికన్నా 'కుటుంబ బాధ్యతలు' అని రెండు ముక్కలు రాస్తే చదివేవాడికి గౌరవం కలుగుతుంది.

ఆమదాలవలస ఆర్పీ:

అక్కా, మీరు పొదుపు సంఘంలో ఉన్నారా? నేను మెప్మాలో (పట్టణాల్లో పొదుపు సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ) ఆర్పీగా, అంటే రిసోర్స్ పర్సన్‌గా చేస్తున్నాను, అందుకే అడుగుతున్నాను. సంఘం లెక్కలు ఎప్పుడైనా రాశారా?

కంటోన్మెంట్ కోడలు:

ఉన్నానండి. నాలుగేళ్లుగా రెండో లీడర్ని. పది మంది సభ్యులం. పుస్తకాలు నేనే రాస్తాను. మీరడిగే దాకా అది పని అని నాకు తట్టనే లేదు.

ఒకసారి బ్యాంకు లోన్ వాయిదాల్లో 1,200 తేడా వచ్చింది. అందరూ ఒకామె మీద అనుమానపడ్డారు, పాపం ఆమె ఏడుపు. నేను రెండు రాత్రులు కూర్చుని మా పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంటు లైను లైనుకూ టిక్కు పెట్టుకుంటూ చూశాను. మేం కట్టిన డబ్బే, మా అకౌంట్‌లో పడలేదు. వేరే సంఘం అకౌంట్‌లో పడింది, నంబర్లో ఒక్క అంకె తేడా. బ్యాంకుకి వెళ్లి చూపిస్తే సరిచేశారు. ఆ రోజు ఆమె మా ఇంటికి గారెలు చేసి తెచ్చింది.

రాజాం అకౌంట్స్:

మేడమ్, మీరిప్పుడు చెప్పినదాన్ని బ్యాంక్ రీకన్సిలియేషన్ అంటారు. మా దగ్గర డిగ్రీ చేసి వచ్చిన కుర్రాళ్లకు అది నేర్పడానికి నాకు రెండు నెలలు పడుతుంది. "ఖాళీగా ఉన్నాను" అన్న చోట ఇది చెప్పుంటే ఆయన ఇంకో ఐదు నిమిషాలు కూర్చోబెట్టేవారు.

చీపురుపల్లి చిన్నోడు:

బాగుంది గానీ, సంఘం పుస్తకం చూసి ఉద్యోగం ఎవరిస్తారండీ? 8,000కి పనిచేసే పెళ్లికాని అమ్మాయిలు క్యూలో ఉన్నారు. ఓనర్లకు కావాల్సింది వాళ్లే. నిజాయతీ అని మీరందరూ చెప్తారు, రేపు ఆవిడ ఇంట్లో కూర్చుంటే మీరెవరూ జీతం ఇవ్వరు.

పాత క్యాషియర్ (గంటస్తంభం):

బట్టల షాపు మాది. చిన్నోడు చెప్పింది సగమే నిజం. పెళ్లికాని పిల్లలు ఏడాది తిరక్కుండా పెళ్లి చేసుకుని వెళ్లిపోతారు, మళ్లీ మొదటినుంచి నేర్పాలి. నలభై దగ్గర్లో ఉన్నావిడైతే నిలబడుతుంది. నా భయం వేరు. మామగారికి ఒంట్లో బాగోలేదంటున్నారు. దసరా, సిరిమానోత్సవం సీజన్‌లో ఆయనకు సీరియస్ అయితే ఆవిడ వస్తుందా? ఆ ప్రశ్న నేనైతే అడుగుతాను.

నాగావళి ఒడ్డు:

మీ షాపులో మగవాళ్లను ఎప్పుడైనా అడిగారా, మీ నాన్నకు బాగోకపోతే వస్తావా అని?

పాత క్యాషియర్ (గంటస్తంభం):

అడగలేదమ్మా.

బొబ్బిలి వీణ:

ఇదీ అసలు సంగతి. 2024 టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు చేస్తే, చేసే మగవాళ్లు 88 నిమిషాలు చేశారు. అక్కా, ఆ ఇంటర్వ్యూ కన్నా ముందు ఇంట్లో ఒక ఇంటర్వ్యూ పెట్టండి. పొద్దున్న ఆ వ్యాయామం ఎవరు చేయిస్తారో మీ వారిని అడగండి. లెటర్ తీసుకోమని సలహా ఇవ్వడం తేలిక.

కంటోన్మెంట్ కోడలు:

అడిగాను వీణా. కాసేపు మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న ఆరింటికి లేచి మామయ్యగారి దగ్గర కూర్చున్నారు. ఎడమ కాలికి బదులు కుడి కాలికి చేయిస్తున్నారు, మామయ్యగారే సరిచేశారు. సరే, మొదలైంది కదా.

మా పెద్దవాడి లాప్‌టాప్‌లో టాలీ ప్రైమ్ (అకౌంట్స్ రాసే సాఫ్ట్‌వేర్) వేయించుకున్నాను. లైసెన్స్ లేకపోతే ఎడ్యుకేషన్ మోడ్‌లో నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు పడతాయి. ఫర్లేదు, సంసారం మొత్తం ఆ మూడు రోజుల్లోనే నడుపుతున్నాను. స్క్రీన్ చూస్తే మొదట ఏదీ అర్థం కాలేదు, మేం వాడిన టాలీలా లేదు. కానీ F8 సేల్స్, F9 పర్చేజ్, చేతులు వాటంతటవే వెళ్లాయి. నాకే నవ్వొచ్చింది.

రాజాం అకౌంట్స్:

మీరు సిమెంటు డీలర్ దగ్గర చేశారు కదా, ఇది ప్రాక్టీస్ చేయండి. 2025 సెప్టెంబరు 22న సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది. 28 కట్టి కొన్న స్టాకు గోడౌన్‌లో ఉంది, 22 తర్వాత 18కి అమ్మారు. పర్చేజ్, సేల్, మిగిలిన క్రెడిట్ మూడూ రాసి చూడండి. అప్పుడు సిమెంటు అమ్మిన ప్రతివాడూ పడిన తలనొప్పి ఇది. ఇంటర్వ్యూలో ఇది మీరే ఎత్తితే గ్యాప్ గురించి మాట్లాడే టైమ్ ఉండదు.

నెలనెలా 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 20న 3బీ (పన్ను కట్టే రిటర్ను), 50,000 దాటిన సరుకు కదిలితే ఈ-వే బిల్లు. ప్రస్తుతానికి ఇంతే పట్టుకోండి, మిగతాది సీట్లో కూర్చున్నాక వస్తుంది. మీకు వీలైతే ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో మూడు నెలలు జీతం లేకుండా చేసినా మంచిదే.

నాగావళి ఒడ్డు:

అదొక్కటి ఒప్పుకోను. పన్నెండేళ్లు జీతం లేకుండానే చేసింది కదండీ. మూడు నెలలైనా ఎంతో కొంత అడగండి అక్కా, 4,000 అన్నా సరే.

ఏడురోడ్ల బాబాయి:

ఆ మాట నిజమే. డబ్బులివ్వని చోట పని కూడా సరిగా నేర్పరు, ఫైళ్లు మోయిస్తారు. ఎక్కడికైనా వెళ్లు గానీ, బస్సుకైతే ఖర్చు లేదమ్మా. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా. ఆధార్ పట్టుకెళ్లు.

కంటోన్మెంట్ కోడలు:

రేపు నెల్లిమర్లలో ఒక చోటికి రమ్మన్నారు. హార్డ్‌వేర్ హోల్‌సేల్. బయోడేటా మార్చాను. '2013 నుంచి: కుటుంబ బాధ్యతలు. గత నాలుగేళ్లుగా పది మంది పొదుపు సంఘానికి లెక్కలు, బ్యాంకు వ్యవహారాలు.' రెండే లైన్లు. సిమెంటు లెక్క మూడుసార్లు వేశాను, మూడోసారి కుదిరింది.

నిన్న అన్నయ్యగారు నేను అడక్కుండానే లెటర్ తెచ్చి ఇచ్చి వెళ్లారు. స్టాంపు వేసి, సంతకం పెట్టి, తేదీ దగ్గర ఖాళీ వదిలారు. చింపలేదు. ఫైల్‌లోనూ పెట్టలేదు. బీరువాలో చీరల కింద ఉంది. ఇది మీకు చెప్పకపోతే అబద్ధం ఆడినట్టుంటుందని చెప్తున్నాను.

జీతం ఎంత అడగమంటారు?

పాత క్యాషియర్ (గంటస్తంభం):

12 అంటే 10 ఇస్తారు.

నాగావళి ఒడ్డు:

15 అనండి. ముందు మీరు నోరు తెరవకండి, వాళ్లనే అననివ్వండి.

చీపురుపల్లి చిన్నోడు:

ఆ లెటర్ మాత్రం చింపకు అక్కా.

రాజాం అకౌంట్స్:

అక్కడ కాకపోతే ఇక్కడ చెప్పండి. మా సెక్షన్‌లో మార్చిలో ఒకాయన రిటైర్ అవుతున్నారు. టెస్టు మాత్రం తప్పదు.