హోండురన్ మిల్క్ స్నేక్ జతను ఈ చలికాలం తర్వాత కలపవచ్చునా?

ప్రశ్న: ఎడిసన్ వాసి

అందరికీ నమస్కారం. నేను న్యూజెర్సీలో ఉంటాను. ఇక్కడ పాములను పెంచుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వ అనుమతి కావాలి కనుక ముందు ఆ పత్రం తీసుకొని, రెండేళ్ళ క్రితం ఒక రెప్టైల్ షోలో రెండు నెలల వయసున్న ఆడ హోండురన్ మిల్క్ స్నేక్‌ను (మధ్య అమెరికాకు చెందిన, విషం లేని పట్టీల పామును) కొన్నాను. ఇది ట్యాంజరిన్ హైపో రకం. మామూలు పాములో పసుపుగా ఉండే పట్టీలు దీనికి నారింజ రంగులోను, నల్లగా ఉండే పట్టీలు పలచబడి బూడిద కలిసిన గోధుమ రంగులోను ఉంటాయి. పోయిన ఆదివారం వంటింటి త్రాసు మీద డబ్బాలో పెట్టి తూస్తే 265 గ్రాములు వచ్చింది, పొడవు మూడడుగులు దాటింది. ఈ వసంతంలో మరొకరి దగ్గర మూడున్నరేళ్ళ మగపామును కూడా తీసుకున్నాను.

ఈ చలికాలం రెండింటినీ చల్లబరచి (జతకు సిద్ధమయ్యేలా కొన్ని వారాలు చల్లని చోట ఉంచి), మార్చి తర్వాత కలపాలని నా ఆలోచన. మగది మూడు వారాలుగా ఎలుకను ముట్టడం లేదు; జబ్బేమోనని కొంచెం బెంగగా ఉంది. అది హైపోకు హెట్ (ఆ లక్షణాన్ని బయటికి చూపకుండా లోపల మోసే పాము) అని అమ్మినాయన చెప్పారు కానీ, చూడటానికి మామూలు ట్యాంజరిన్‌లాగే ఉంది. ఆ మాటను ఎలా నమ్మడం? ఇంకొక చిన్న సంగతి. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ దీని పేరు విన్నప్పటి నుంచి, "పాలపాము అంటున్నావు, మరి పాలెప్పుడు పోస్తావురా?" అని రోజూ అడుగుతోంది. ఆవిడకు ఏమని చెప్పాలి?

సమాధానం 1: ప్లేనో పట్టీలపాము

ముందు అమ్మగారి ప్రశ్న. మన ఊళ్ళలో జెర్రిపోతు రాత్రిపూట గేదె కాళ్ళకు చుట్టుకొని పాలు తాగుతుందని ఎలా చెప్పుకుంటారో, అమెరికా పల్లెల్లో ఈ పాము గురించీ అలాగే చెప్పుకునేవారు. పశువుల కొట్టంలో దాణా ఉంటే ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం పాము వస్తుంది. పొద్దున పాలు తక్కువైతే నింద పాము మీద పడుతుంది. జెర్రిపోతుది కూడా అదే కథ అని చెప్పండి, ఆవిడ ఇట్టే ఒప్పుకుంటారు. తొట్టెలో మంచినీళ్ళు చాలు.

మగపాము గురించి బెంగ వద్దు. పగలు తగ్గే అక్టోబరు, నవంబరు నెలల్లో, ఈడొచ్చిన మగపాములు, గది వెచ్చగా ఉన్నా సరే, చాలావరకు తిండి మానేస్తాయి. వారానికొకసారి తూకం రాసుకోండి. బరువు నిలకడగా ఉండి, నోటి దగ్గర నురగ, ఊపిరిలో ఈల వంటి చప్పుడు లేకపోతే అది జబ్బు కాదు.

అసలు విషయం ఆడపాముది, అక్కడ మాత్రం మీ ఆలోచనతో నేను ఏకీభవించలేను. ఈ జాతుల పెంపకందారులు చెప్పుకునే పాత లెక్క ఒకటి ఉంది: మూడేళ్ళు, మూడడుగులు, మూడు వందల గ్రాములు. మీది పొడవులో మాత్రమే దాటింది. నిజానికి హోండురన్లు నాలుగైదు అడుగులు పెరిగే పెద్ద రకం కనుక, వీటి విషయంలో ఆ లెక్క కనీస హద్దే తప్ప గమ్యం కాదు; నేనైతే 400 గ్రాములు దాటేవరకు ఆగుతాను. చిన్న ఒంటితో గుడ్లు మోసిన పాము వాటిని పెట్టలేక లోపలే నిలుపుకోవచ్చు, అప్పుడు పశువైద్యుడి బల్ల మీదికి చేర్చవలసి వస్తుంది, అప్పటికీ బతుకుతుందన్న భరోసా లేదు. ఈ చలికాలం దాన్ని చల్లబరచకుండా, వెచ్చని మూల 85 ఫారన్‌హీట్, చల్లని మూల 75 ఉండేలా చూసి మామూలుగా మేపండి. పదిహేను, ఇరవై ఏళ్ళు బతికే జీవికి ఒక్క ఏడాది ఆలస్యం లెక్కలోకి రాదు.

మగదాన్ని మాత్రం చల్లబరచవచ్చు. చివరిసారి తిన్న తర్వాత కనీసం రెండు వారాలు వెచ్చగా ఉంచి, కడుపు పూర్తిగా ఖాళీ అయ్యాకే వేడి తగ్గించాలి. కడుపులో ఎలుక ఉండగా చల్లబరిస్తే అది అరగక కుళ్ళి పాము చచ్చిపోతుంది. మూడు వారాలుగా తినలేదన్నారు కనుక మీదానికి ఆ భయం లేదు. ఇవి హోండురాస్, నికరాగువా ప్రాంతాల ఉష్ణమండలపు పాములు, ఉత్తరాది మిల్క్ స్నేక్‌లంత చలి వీటికి అక్కరలేదు. 55 నుంచి 60 ఫారన్‌హీట్ మధ్య, చీకటిలో, నీళ్ళు అందుబాటులో ఉంచి ఎనిమిది నుంచి పది వారాలు సరిపోతుంది.

గుడ్ల విషయంలో నేను చేసిన తప్పు చెబుతాను. గుడ్లు పెట్టడానికి వారం పది రోజుల ముందు ఆడపాము కుబుసం విడుస్తుంది, అది చూడగానే తడి నాచు నింపిన మూత డబ్బా లోపల పెట్టాలి. అంతవరకూ బాగానే చేశాను. తొమ్మిది గుడ్లు, ఒకదానికొకటి అతుక్కుని, ఉడికించిన కోడిగుడ్డు తెల్లసొనలా మెరుస్తున్నాయి. వర్మిక్యులైట్‌ను (తేమను పట్టి ఉంచే ఖనిజపు పలుకులను) దాని బరువుకు సమానమైన నీటితో తడిపి, గుడ్లు పైవైపు కిందికి తిరగకుండా అమర్చి, 81 ఫారన్‌హీట్ దగ్గర ఇంక్యుబేటర్‌లో పెట్టాను. ఐదో వారంలో థర్మోస్టాట్ తీగ కొన జారి బయటికి వచ్చింది. అది బయటి చల్లగాలిని కొలుస్తూ, లోపల చలిగా ఉందనుకుని వేడి పెంచుతూనే పోయింది. నేను పొద్దున చూసేసరికి 94 ఉంది. ఏడు పిల్లలు బయటికి వచ్చాయి, వాటిలో రెండింటి వెన్ను వంకర. అప్పటి నుంచి ఆ తీగను రెండుచోట్ల బిగించి, పక్కన వేరే థర్మామీటర్ ఒకటి పెడుతున్నాను.

సమాధానం 2: ర్యాలీ పొలుసు

హెట్ సంగతి నేను చెబుతాను. హైపో బయటికి కనిపించాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ఆ జన్యువు రెండు ప్రతులూ హైపోవే కావాలి. ఒక్క ప్రతి మాత్రమే ఉన్న పామును హెట్ అంటారు, అది చూపుకు మామూలు పామే. కనుక కంటితో తేల్చడం ఎవరి వల్లా కాదు. తల్లిదండ్రులలో ఒకటి హైపో అని చూపించే ఫొటో గాని, పుట్టుక వివరాలు రాసిన చీటీ గాని ఆయనను అడగండి. రెండూ మామూలుగా కనిపించే హెట్‌లే అయితే, వాటికి పుట్టిన మామూలు పిల్ల హెట్ అయ్యే అవకాశం మూడింట రెండు వంతులు మాత్రమే. సంతలో "66 శాతం హెట్" అని రాసి పెట్టేది అలాంటివాటినే. ఆ చీటీ మీద కొందరు అంకె రాయడం "మరిచిపోతుంటారు", చూసుకోవాలి.

మీ ఆడది హైపోయే కనుక తేల్చడం తేలిక. మగది నిజంగా హెట్ అయితే ప్రతి పిల్లా హైపో అయ్యే అవకాశం సగానికి సగం. ఆరు పిల్లలు పుట్టి ఒక్కటీ హైపో కాకపోవడం 64లో ఒక్కసారి జరిగే పని. ఒక్కటి కనిపించినా ఆయన చెప్పింది నిజమేనన్నమాట. ఆరూ మామూలువే అయితే మాటలో తేడా ఉందని దాదాపు తేలిపోతుంది.

రెండు పాములనూ ఒకే టబ్బులో ఉంచుతున్నారో లేదో మీరు రాయలేదు. ఉంచుతుంటే ఇవాళే విడదీయండి. ఇవి కింగ్ స్నేక్‌ల కుటుంబానివే, పామును పాము మింగే అలవాటు ఈ కుటుంబంలో ఉంది. జత కట్టించే రోజున కూడా రెండింటినీ అంతకు రెండు మూడు రోజుల ముందే మేపి, కళ్ళెదుట మాత్రమే కలపాలి.

సమాధానం 3: హైదరాబాదీ

ఇది చదివి మా కుర్రాళ్ళు ఇక్కడ కొనాలని సరదాపడే ప్రమాదం ఉంది కనుక రెండు మాటలు. మన దేశపు పాము ఏదైనా, అది విషం లేని జెర్రిపోతే అయినా, ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. విదేశీ జీవులను తెప్పించాలంటే దిగుమతి అనుమతులు కావాలి, వన్యప్రాణుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందపు (సైటీస్) జాబితాలో ఉన్న జాతులకు 2022 సవరణ తర్వాత నమోదు కూడా తప్పనిసరి. వాట్సాప్‌లో ఫొటో పంపి, కాగితాలు ఏవీ లేకుండా "ఇంటికి తెచ్చిస్తాం" అనేవారి దగ్గర ఏదీ కొనకండి. ఇంకొకటి: ఇక్కడ ఇంటి పెరట్లో పట్టీల పాము కనిపిస్తే అది కట్లపాము కావచ్చు. అమెరికాలో ఎరుపు పక్కన నలుపు ఉంటే మిల్క్ స్నేక్ అనీ, పసుపు ఉంటే విషపు కోరల్ స్నేక్ అనీ చెప్పుకునే గుర్తు ఇక్కడ దేనికీ పనికిరాదు.

ఎడిసన్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. రెండూ వేరువేరు టబ్బుల్లోనే ఉన్నాయి. ఆడదాన్ని వచ్చే ఏడాది వరకు ఆపుతాను. మగదాన్ని నేలమాళిగలో చల్లబరుస్తాను, అక్కడ 58 ఉంటోంది. ఒకవేళ పిల్లలు పుట్టాక తినకపోతే ఏం చేయాలో కూడా ఇప్పుడే తెలుసుకోవాలని ఉంది.

ప్లేనో పట్టీలపాము

అడగవలసిన ప్రశ్నే అడిగారు. పిల్లలు గుడ్డును చీల్చుకొని, ముక్కు మాత్రం బయటపెట్టి ఒకటి రెండు రోజులు అలాగే ఉంటాయి, లాగవద్దు. వారం పది రోజులకు మొదటి కుబుసం విడుస్తాయి, తిండి ఆ తర్వాతే. హోండురన్ పిల్లలు పెద్దవి కనుక చాలావరకు, గడ్డకట్టించి అమ్మే పింకీని (వెంట్రుకలు రాని ఎలుక పిల్లను) కరిగించి ఇస్తే వెంటనే అందుకుంటాయి. నా ఏడింటిలో మూడు ఆరు వారాలు ముట్టలేదు. పింకీని గోరువెచ్చని నీటిలో కడిగి, తొండను పోలిన అనోల్ బల్లి విడిచిన పొరతో దాని వాసన అంటేలా రుద్ది, మూతకు చిల్లులు పెట్టిన పెరుగు కప్పులో పిల్లనూ పింకీనీ కలిపి రాత్రంతా చీకట్లో వదిలాను. రెండు తిన్నాయి. మూడోదానికి పింకీ తలను సూదితో గుచ్చి, లోపలి మెదడు వాసన బయటికి వచ్చేలా చేసి ఇస్తే తింది.

కనుక గుడ్లు పెట్టించే ముందే పిల్లకొక టబ్బు చొప్పున లెక్క వేసుకోండి, ప్రతి పిల్లా మూడు నాలుగుసార్లు తినేవరకు ఎవరికీ ఇవ్వవద్దు. అమ్మే ఉద్దేశం ఉంటే మీ అనుమతి పత్రం దానికి సరిపోతుందో లేదో రాష్ట్ర విభాగాన్ని ఇప్పుడే అడగండి. అక్కడి నుంచి జవాబు రావడానికి, మీ ఆడపాము 400 గ్రాములకు చేరడానికి దాదాపు ఒకే సమయం పట్టవచ్చు.