కారు అద్దాలకి ఏ ఫిల్మ్ వేయించాలి? ఎండ ఆగాలి, రాత్రి రోడ్డూ కనపడాలి

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం):
అందరికీ నమస్కారం. కారు తెల్ల హ్యాచ్‌బ్యాక్, పగలంతా ఆరుబయట ఎండలోనే ఉంటుంది. రాత్రిపూట చిలకపాలెం నుంచి రాజాం రోడ్డు మీద తరచూ తిరగాలి. లైట్లు లేని చోట్ల సైకిళ్లు, పశువులు, వెనక రిఫ్లెక్టర్ కూడా లేని ట్రాక్టర్ తొట్టెలు. షాపులో రెండు రకాలు చూపించారు: 35 శాతం వెలుగు వదిలే నల్ల ఫిల్మ్, 70 శాతం వదిలే సిరామిక్ ఫిల్మ్. సిరామిక్ ధర మూడు రెట్లు. లాంప్ పెట్టి ‘97 శాతం వేడి ఆపుతుంది’ అని చూపించారు. ముందు అద్దానికి కూడా వేయించుకోమంటున్నారు. నాన్నగారూ నడుపుతారు, 64 ఏళ్లు. ఏటి చెయ్యమంటారు?

గాజుపని_విజయనగరం:
ముందు ఆ 97 సంగతి. లాంప్ వేడిలో ఎక్కువ భాగం ఇన్‌ఫ్రారెడ్ (ఐఆర్), అంటే కంటికి కనపడని వేడి కిరణాలు. ఎండలో అది సగం దాకానే. మిగతాది, మొత్తం ఎండలో 45 శాతం దాకా, కంటికి కనపడే వెలుగు, ఇంకా కొద్దిగా యూవీ. 70 శాతం వెలుగు లోపలికి వదిలే ఫిల్మ్ ఇన్‌ఫ్రారెడ్‌ని పూర్తిగా ఆపేసినా, 45లో 70 శాతం అంటే మొత్తం ఎండలో నూటికి 31 వంతులు వెలుగు రూపంలోనే లోపలికి వచ్చేస్తాయి. అంటే ఆపగలిగేది లెక్క ప్రకారమే 69 దాటదు. నిజంగా దొరికేది ఇంకా తక్కువ. అందుకే ఐఆర్ శాతం కాదు, టీఎస్ఈఆర్ (మొత్తం ఎండ శక్తిలో ఎంత శాతం ఆపుతుందో చెప్పే అంకె) ఎంతో అడగండి. 70 శాతం సిరామిక్‌కి 45, 50 మధ్య ఉంటే మంచి సరుకే.

నల్లగా ఉంటే చల్లగా ఉంటుందనుకోకండి. చవక రంగు ఫిల్మ్ వెలుగుని తగ్గిస్తుంది, ఇన్‌ఫ్రారెడ్‌ని చాలావరకు వదిలేస్తుంది. మన ఎండకి ఆ రంగు వెలిసి ఊదాగా మారిపోతుంది కూడా. మెటల్ పూత ఫిల్మ్ ముందు అద్దానికి అసలు వద్దు. ఫాస్టాగ్ సిగ్నల్‌కి అడ్డొస్తుంది, నాతవలస టోల్ దగ్గర గేటు లేవక వెనక హారన్లు వినాల్సొస్తుంది.

ఇంకోటి: సిరామిక్ వేశాక అద్దం ముట్టుకుంటే ఇదివరకటి కంటే వేడిగా తగులుతుంది. అది లోపం కాదు. వేడిని అద్దంలోనే పట్టుకుంటుంది కాబట్టి అలా ఉంటుంది. బండి కదిలితే గాలి ఆ వేడిని బయటికి లాగేస్తుంది. నిలబెట్టిన బండిలో మాత్రం కొంత లోపలికే వస్తుంది. కాబట్టి పార్కింగ్‌లో ముందు అద్దానికి మడత షేడ్ పెట్టడం మానకండి.

రూల్_100:
చట్టం వైపు చెప్తాను. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్మ్‌లన్నీ వద్దంది. తర్వాత కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 100వ రూల్ మార్చారు, 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఐఎస్ 2553 ప్రమాణానికి సరిపోయే ఫిల్మ్ వేసుకోవచ్చు. కానీ ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుగు రావాలి. 2024లో కేరళ హైకోర్టు కూడా ఇదే చెప్పింది.

అసలు కిటుకు ఇక్కడ: ఆ శాతం ఫిల్మ్‌ది కాదు, అద్దం ఫిల్మ్ కలిపి. కంపెనీ అద్దమే 76 అనుకోండి. 70 ఫిల్మ్ వేస్తే 53, పక్క అద్దాలకి పాస్. 35 ఫిల్మ్ వేస్తే 27 కూడా రాదు, పీకించేస్తారు. ముందు అద్దానికి 90 ఫిల్మ్ వేసినా 68కి పడిపోతుంది! వెనక అద్దానిదీ ఇదే లెక్క. షాపులో మీటర్ ఉంటే ఖాళీ అద్దం రీడింగ్ తీయించుకోండి, లేకపోతే ముందూ వెనకా ముట్టుకోవద్దు. ఫిల్మ్ టెస్ట్ సర్టిఫికెట్ ప్రింటు, బిల్లు డాష్‌బోర్డులో ఉంచండి. అయినా 2012 తీర్పు పట్టుకుని అడిగేవాళ్లుంటారు, ఓపిగ్గా చూపించాలి.

నాగావళి_ఒడ్డు:
చాలా థ్యాంక్స్. అయితే నాలుగు తలుపులకే 70. కానీ రాత్రి 53 కూడా నాన్నగారికి కష్టమవుతుందా?

గాజుపని_విజయనగరం:
అడగాల్సిన ప్రశ్నే. అరవై దాటిన కంటిలోకి ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే మూడో వంతు వెలుగే చేరుతుంది. ఎక్కువ ఇబ్బంది పక్క అద్దంలోంచి సైడ్ మిర్రర్ చూసేటప్పుడే. వేయించకముందే తేల్చుకోండి: షాపులో అరచేతి రెండింతలు ముక్క అడిగి, డ్రైవర్ తలుపు అద్దానికి లోపలివైపు మిర్రర్‌కి ఎదురుగా టేపుతో అంటించండి. దీపాల్లేని చోట బండి ఆపి, నాన్నగారిని కూర్చోబెట్టి, మిర్రర్‌లో వెనక నడిచే మనిషి కనపడుతున్నాడో లేదో చూడమనండి. ఎదురు బండి లైటు చుట్టూ పొగమంచులా వలయం వస్తే ఆ ఫిల్మ్‌కి హేజ్ (మసక) ఎక్కువ, వద్దు. ఇబ్బందనిపిస్తే ముందు రెండు తలుపులూ వదిలేసి వెనక రెండింటికే వేయించండి, తప్పేం లేదు.

వేసేటప్పుడు చూడాల్సినవి: బీడింగ్‌లో (అద్దం అంచు రబ్బరులో) ఇసుక ముందే బ్రష్‌తో తీయించాలి, లేదంటే అద్దం దించిన ప్రతిసారీ నిలువు గీతలు పడతాయి. లీటరు నీళ్లలో బేబీ షాంపూ నాలుగైదు చుక్కలు చాలు, ఎక్కువైతే జిగురు పట్టదు. విండో స్విచ్‌ల మీద తువ్వాలు వేయించండి, నీళ్లు దిగితే బోర్డు పోతుంది. ఫిల్మ్‌ని మీ అద్దం మీదే బ్లేడుతో కోయనివ్వొద్దు.

అయ్యాక అయిదు రోజులు అద్దాలు దించకండి, వానాకాలమైతే వారం. నీటి బుడగలు, పల్చటి మసక వాటంతటవే పోతాయి. కింద చిక్కిన దుమ్ము రేణువు, మడత మాత్రం పోవు, అక్కడికక్కడే బేగి చూపించి మార్పించుకోండి. తుడవడానికి అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ వాడొద్దు, తడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు.