వానలో రేణిగుంటలో దిగేటప్పుడు ఫ్లైట్ అంత గట్టిగా ఎందుకు తగిలింది?

కాళహస్తి పిల్ల:
మొన్న హైదరాబాద్ నుంచి అమ్మను తీసుకొని వచ్చినాను, మోకాలి ఆపరేషన్ అయి మూడు వారాలే అయింది. దిగేటప్పుడు ఒకటే వాన, కిటికీలో నుంచి రెక్క కూడా సరిగ్గా కనపడలేదు. మెల్లగా దించుతారులే అనుకుంటే దబ్బుమని తగిలింది, పైన సామాను పెట్టే మూతలన్నీ గడగడలాడినాయి, అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకొని గోవిందా గోవిందా అంటానే ఉంది. బయట నీళ్లు తెల్లగా పొగ మాదిరి లేస్తా ఉన్నాయి. ఇంటికొచ్చినాక కూడా ఇంక ఫ్లైట్ వద్దు, రైలే నయం అంటా ఉంది. పైలట్ సరిగ్గా దించలేదా, లేకుంటే మన రన్‌వేలోనే ఏమన్నా లోపముందా? చిన్న ఎయిర్‌పోర్టుల్లో రన్‌వేని రోజూ ఎవరన్నా చూస్తారా అసలు? వచ్చే నెల చెకప్‌కి అమ్మతో మళ్లీ పోవాల, తెలిసినవాళ్లు చెప్పండి.

తారు మేస్త్రి:
అమ్మా, ఆరేళ్లు ఒక చిన్న ఎయిర్‌పోర్టులో రన్‌వే సివిల్ పనులు చూసినా, తెలిసినంత చెప్తా. ముందు మీ అమ్మగారికి ధైర్యం చెప్పు. వానలో గట్టిగా దించడం చాలాసార్లు కావాలనే చేస్తారు. తడి రన్‌వే మీద మెత్తగా దించితే టైరుకీ నేలకీ మధ్య నీటి పొర ఉండిపోయి చక్రం సరిగ్గా తిరక్కుండా జారతా పోతుంది, హైడ్రోప్లేనింగ్ అంటారు. నాసా వాళ్ల సూత్రం ఒకటుంది, టైరులో గాలి ఎన్ని పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉందో దాని వర్గమూలాన్ని 9తో గుణిస్తే ఎన్ని నాట్ల (విమానాల వేగం కొలత) వేగం దగ్గర ఆ జారుడు వస్తుందో తెలుస్తుంది. 200 పీఎస్‌ఐ టైరుకి దాదాపు 127 నాట్లు, అంటే గంటకు 235 కిలోమీటర్లు. జెట్ ఫ్లైట్లు నేలను తాకేది కూడా ఇంచుమించు ఆ వేగంలోనే, అందుకే గట్టిగా ఆనించి ఆ పొరను చీలుస్తారు.

ఇంక రన్‌వే సంగతి. దూరం నుంచి నున్నగా కనిపిస్తుంది గానీ కూచొని చెయ్యి పెట్టి చూస్తే ఉప్పు కాగితం మాదిరి గరుగ్గా ఉంటుంది, పట్టంతా ఆ గరుకులోనే ఉండాది. ఫ్లైట్ దిగే చోట, అప్పటిదాకా తిరగని చక్రం ఒక్కసారిగా నేలకు రాసుకొని రబ్బరు కరిగి అంటుకుంటుంది, అది పొరలు పొరలుగా నల్లగా పేరుకుంటుంది, గోటితో గీకినా రాదు. ఎండలో ఏం కాదు, నాలుగు చినుకులు పడితే మాత్రం సబ్బు రాసిన కడప బండే. దాన్ని హై ప్రెషర్ నీళ్లతో కొట్టి తీస్తారు, ఫ్రిక్షన్ టెస్టర్ బండి నీళ్లు చల్లుకుంటా పోయి పట్టు ఎంతుందో కొలుస్తుంది. మాకుండేది ఒకటే రన్‌వే, పగలు మూసేదానికి లేదు, ఆఖరి ఫ్లైట్ పోయినాక మొదలుపెట్టి తెల్లారి మొదటి ఫ్లైట్ లోపల పని ముగించి ఊడ్చి అప్పజెప్పాల. రోజూ తనిఖీ జీపు మెల్లగా పోతా చూస్తుంది, రోజుకి ఒకసారే కాదు, అంతకంటే ఎక్కువే. ఒక రోజు పొద్దున నాకు బొటనవేలంత తారు పెళ్ల కనిపించింది, దాని పక్కనే వెంట్రుకంత పగులు. చేతిలో పెట్టుకొని చూస్తే వణుకొచ్చింది. 2000లో పారిస్‌లో కాంకార్డ్ విమానం కూలి 113 మంది పోయింది రన్‌వే మీద పడున్న 43 సెంటీమీటర్ల లోహపు పట్టీ టైరును చీల్చినందుకే కదా. ఆ రాత్రే పగులు కోసి వేడి తారు నింపినాం.

గాజులమండ్యం రైతు:
అన్న చెప్పినదానికి ఇంకొకటి కలపాల, పక్షులు. మా దగ్గర కొందరు కోడి పేగులు, ఈకలు గోతాల్లో కట్టి రాత్రిపూట కాలవ పక్కన పడేస్తా ఉండారు, తెల్లారేసరికి పైన గద్దలు తిరగతా ఉంటాయి. అదే ఆకాశంలో ఫ్లైట్ కిందికి వస్తుంది. 1937 ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 91వ రూల్ ప్రకారం ఎయిర్‌పోర్టు నుంచి 10 కిలోమీటర్ల లోపల పక్షులు చేరేట్టు చెత్త, జంతువుల వ్యర్థాలు బయట పడేయకూడదు. వాళ్లల్లో ఒక కోడి అంగడాయనకి చెప్తే పాపం ఆయనకి ఆ సంగతే తెలీదంట. ఇప్పుడు గుంత తీసి పూడుస్తా ఉండాడు.

కాళహస్తి పిల్ల:
చాలా థ్యాంక్స్ అన్నా, అమ్మకి చదివి వినిపించినా. ఇంకొక్కటి, రన్‌వే మీద నీళ్లెంత ఉన్నాయో పైలట్‌కి ముందే తెలుస్తుందా? కోజికోడ్‌లో ఫ్లైట్ రన్‌వే దాటి పడిపోయిన సంగతి తల్చుకుంటే భయంగా ఉంది.

తారు మేస్త్రి:
తెలుస్తుందమ్మా. 2021 నవంబర్ 4 నుంచి ప్రపంచమంతా ఒకే పద్ధతి, రన్‌వేని మూడు భాగాలు చేసి ఒక్కోదానికి 0 నుంచి 6 దాకా నంబరు ఇస్తారు. ఉత్త తడి అయితే 5, నీళ్లు 3 మిల్లీమీటర్లు దాటి నిలిస్తే 2. ఆ నంబరు చూసుకొని పైలట్ దిగాలో, కాసేపు తిరగాలో, వేరే ఊరికి పోవాలో తేల్చుకుంటాడు. 2020 ఆగస్టు 7న కోజికోడ్‌లో తడి రన్‌వే, వెనకగాలి, పైగా ఫ్లైట్ దాదాపు సగం రన్‌వే దాటినాకే నేలను తాకింది, 21 మంది పోయినారు. మెత్తగా దించాలని గాల్లో తేలించే కొద్దీ ముందున్న రన్‌వే తరిగిపోతుంది. మీకు దబ్బుమని తగిలింది కూడా అందుకే అయ్యుంటుంది, అమ్మగారికి అది చెప్పు. చెకప్‌కి పోయేటప్పుడు రెక్కల దగ్గర సీటు అడుగు, కుదుపు కొంచెం తక్కువ.