ఊరి లైబ్రరీలో ఫైబర్ ఉంది, సాయంత్రమైతే వై-ఫై నడవదు

ప్రశ్న (చంద్రగిరి దగ్గర పల్లె)
మా లైబ్రరీకి 100 ఎంబీపీఎస్ ఫైబర్ తీసుకున్నాం. పొద్దున బాగుంటుంది. సాయంత్రం ఇరవై మంది పిల్లలు కూర్చుంటే వీడియో పాఠం తిరుగుతానే ఉంటుంది. కేబుల్ పెట్టిన కంప్యూటర్‌లో అప్పుడు కూడా 94 వస్తా ఉంది. రౌటర్ బీరువా మీద ఉంది. ప్లాన్ 300కి పెంచమంటారా?

జవాబు 1
వద్దన్నా, డబ్బు దండగ. 94 వస్తోందంటే లైన్ బాగుంది. 100 పోర్టులో హెడర్లు (ప్రతి డేటా ముక్కకీ తగిలించే చిరునామా వివరాలు) పోగా మిగిలేది అంతే. ఇరుకంతా గాలిలో, అంటే వై-ఫైలో ఉంది. ఒక చానెల్ (వై-ఫై వాడే రేడియో దారి) మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. మూలనున్న ఫోన్ సిగ్నల్ తగ్గి 6 ఎంబీపీఎస్‌కి దిగిందంటే, అంతే డేటాకి 60లో ఉన్న ఫోన్‌కి పట్టే టైముకి పదింతలు అదే తినేస్తుంది. మిగతావాళ్ళు ఆగాల్సిందే.

ముందు రౌటర్‌ని ఇనుప బీరువా మీద నుంచి తీసి హాలు మధ్యలో ఎత్తుగా పెట్టండి. రౌటర్ సెట్టింగ్స్‌లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి చానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్, చానెల్ 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే అది. 3 గానీ 4 గానీ పెడితే అటు 1కీ ఇటు 6కీ తగులుతుంది. రెండో బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్‌కి వేరే వై-ఫై పేరు పెట్టి ఫోన్లన్నీ దాంట్లోకి మార్చండి.

జవాబు 2
ఇంకో మాట. 1991లో అమెరికా యూనివర్సిటీలను కలిపిన ఎన్ఎస్ఎఫ్ నెట్ అనే నెట్‌వర్క్ ప్రధాన లైన్లు 45 ఎంబీపీఎస్. 1995 ఆగస్టు 15న మన దేశంలో అప్పటి ప్రభుత్వ కంపెనీ వీఎస్ఎన్ఎల్ జనానికి ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు డయలప్ (ఫోన్ లైను మీద నడిచే నెట్) 9.6 కేబీపీఎస్. ఆ 45కి రెండింతలు దాటిన లావు లైను మీ లైబ్రరీ గోడదాకా వచ్చింది, చివరి పది మీటర్లలో పోగొట్టుకోకండి.

సీలింగ్‌కి యాక్సెస్ పాయింట్ (వై-ఫై పంచే పెట్టె) వేసి, కరెంటు కూడా ఈథర్నెట్ కేబుల్‌లోనే పంపితే మేలు. కేబుల్ అచ్చం రాగిది కొనండి. రాగి పూత అల్యూమినియం చవకే కానీ, దూరం పెరిగితే వోల్టేజ్ పడిపోయి పరికరం మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది. 100 మీటర్లు దాటించొద్దు.

ప్రశ్న అడిగినవారు
బస్టాపులో కూర్చునేవాళ్ళకు కూడా ఇవ్వొచ్చా?

జవాబు 3
పీఎం-వాణి అనే పబ్లిక్ వై-ఫై పథకం కింద ఇవ్వండి. 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించింది. మీలాంటి చిన్న కేంద్రానికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ లేవు. లాగిన్, లెక్కలు అగ్రిగేటర్ (ఇలాంటి చిన్న కేంద్రాలను కలిపి నడిపే సంస్థ) చూసుకుంటుంది. పాస్‌వర్డ్ గోడకు రాసి పెట్టకండి, ఎవరు వాడారో తెలీకుండా పోతుంది. లైబ్రరీ కంప్యూటర్లు ఆ వై-ఫైకి కనబడకుండా గెస్ట్ నెట్‌వర్క్ (బయటివాళ్ళ వై-ఫై) వేరుగా పెట్టండి.

ఒకవేళ ఫైబర్ వచ్చి కలిసే బాక్సులో ఎర్ర లైటు వెలిగితే ఫైబర్ చివరనుండే పచ్చ కనెక్టర్ చూడండి. దాని ముఖం 8 డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది. తిన్నని ముఖమున్న నీలం కనెక్టర్‌ని దానికి కలిపితే ఆ అతుకు దగ్గరే చాలా వెలుతురు పోతుంది.