అవభాసిని: వెలిగేదా, వెలిగించేదా?

పత్రహరితం:
ఆకుల శిలాజాల గురించి రాసుకుంటుంటే మన వృక్షశాస్త్ర పుస్తకాల మాట ‘అవభాసిని’ దగ్గర కలం ఆగింది. ఆకు మీది పలుచని రక్షణపొరకు, అంటే క్యూటికల్‌కు ఆ పేరు. చర్మంలోని ఏడు పొరల్లో మొదటిదానికి సుశ్రుతుడు పెట్టిన పేరూ అదే. ‘సర్వవర్ణాన్ అవభాస...’ వరకు గుర్తుంది. చివర ‘తే’నా, ‘యతి’నా? రెండు రోజులుగా నోట్లో నానుతోంది.

పాతపుస్తకం:
‘యతి’. ‘వర్ణాన్’ అని ద్వితీయ ఉండగా ‘తే’ ఎలా పొసగుతుంది? తాను వెలిగేది కాదు, రంగులన్నిటినీ వెలిగించేది. మందం కూడా చెప్పాడు: వడ్లగింజలో 18వ వంతు.

అక్షరభిక్షువు:
‘యతి’ సరే, ‘అవ’ను వదిలేశారే! శంకరులు అధ్యాసకు, అంటే ఒకదాన్ని మరొకటిగా పొరబడటానికి, చెప్పిన లక్షణంలో ‘పూర్వదృష్టావభాసః’ ఉంది కదా. అక్కడ ఆ భాష్యానికి వ్యాఖ్య అయిన భామతి ‘అవ’కు అవసన్నం (నిలవనిది), అవమతం (తిరస్కృతమైనది) అని చెప్పింది. మునుపు చూసినది మరోచోట తోచడం, పిమ్మట బాధితం కావడం, అంటే తప్పని తేలిపోవడం. ఉత్త మెరుపంటే సగం అర్థం పోయినట్టే.

పాతపుస్తకం:
వైద్యుడి మాటకు వేదాంతి భాష్యం పనికిరాదు. సుశ్రుతుడి వాక్యంలో భ్రాంతి ఊసే లేదు. ఆ వెంటనే ‘ప్రకాశయతి’ అన్నాడు.

పత్రహరితం:
నాకు రెండర్థాలూ కావాలి. బెన్నెట్టైటేల్స్ అనే అంతరించిన మొక్కల ఆకును, చూడటానికి తాటిచెట్టులా ఉండే సైకాడ్ మొక్క ఆకు పక్కన పెట్టి చూడండి. నడిమి ఈనె, అటూ ఇటూ దువ్వెన పళ్ళలా చీలికలు. కంటికి రెండూ ఒకటే. పూర్వదృష్టావభాసం అంటే అదే! నిల్సోనియా అనే మరో శిలాజ మొక్కనూ సైకాడ్లలోనే కలిపారు. 2017లో స్వీడన్‌కు చెందిన వివి వైదా బృందం శిలాజ అవభాసినులపై పరారుణ కాంతి ప్రసరింపజేసి, ఏ తరంగాలను ఆ పొర పీల్చుకుంటోందో చూసింది. సుమారు 20 కోట్ల ఏళ్ళ నాటి ఆకుల్లోనూ రసాయన బంధాల ముద్ర మిగిలే ఉంది. ఆ ముద్రను బట్టి బెన్నెట్టైటేల్స్, నిల్సోనియా ఒకదానికొకటి దగ్గరయ్యాయి, సైకాడ్లకు దూరమయ్యాయి. ఆకారం కలిగించిన అవభాసాన్ని అవభాసినే బాధించింది.

నీలిసిరా:
చిన్న సవరణ. శిలాజ ఆకును ఆమ్లంలో నానబెట్టి బొగ్గు పదార్థాన్ని తొలగిస్తే తేనెరంగు పొర మిగులుతుంది. సూక్ష్మదర్శిని కింద దానిమీద కణాల గోడలు గీతలు గీసినట్టు కనిపిస్తాయి. పత్రరంధ్రాల కట్టడాన్ని బట్టి బెన్నెట్టైటేల్స్‌ను సైకాడ్ల నుంచి ఎన్నడో విడదీశారు. రసాయనం కొత్తగా చెప్పింది నిల్సోనియా సంగతే. అది సరే, ఇంత చక్కని పొరకు సంస్కృతం పేరెందుకు? ‘మెరుగుపొర’ అనండి. పోతన ‘పెంజీకటి’ అన్నచోట ‘మహాంధకారం’ పెట్టి చదవగలమా?

అక్షరభిక్షువు:
ఆ పద్యమే మీకు అడ్డు వస్తుంది. పెంజీకటి కవ్వల ఏకాకృతి ‘వెలుగు’ అతడు, తనంత తాను వెలిగేవాడు. అకర్మకం. మెరుగూ అంతే. మళ్ళీ ‘తే’ దగ్గరికే వచ్చాం. ‘యతి’ ఏదీ?

నీలిసిరా:
అయితే ‘వెలార్చుపొర’. వెలార్చు అంటే ప్రకటించు, సకర్మకమే.

పాతపుస్తకం:
అందులో ‘ఆర్చు’ ఎక్కడిది? దీపం ఆర్చడంలోని ఆర్చే అయితే అర్థం తలకిందులవుతుంది. నిఘంటువు చూసి వస్తాను, ఉండండి.