మహాలే చింపాంజీలు: కిగోమా దాటాక దారి దొరకట్లేదు, తెలిసినవాళ్ళు చెప్పండి

కిరణ్‌బాబు
రాత్రి పదింటికి కూర్చున్నాను, ఇప్పుడు రెండు దాటింది. ఫోన్లో మ్యాపు టాంజానియాలో పడమటి కొసనున్న కిగోమా ఊరి దాకా చక్కగా చూపిస్తోంది. అక్కణ్ణుంచి మహాలే పార్కు అని కొడితే దారి లేదంటోంది. పేరు నాలుగు రకాలుగా రాసి చూశాను. కారు, బస్సు, నడక అన్నీ పెట్టి చూశాను. టాంగన్యీకా సరస్సు పక్కన పచ్చగా కొండలు కనపడుతున్నాయి గానీ వాటి దగ్గరికి ఒక్క గీత కూడా పోవట్లేదు. ఒక ట్రావెల్స్ వాళ్ళకి ఫోన్ చేస్తే విమానమే మార్గం అన్నారు, రేటు విని కళ్ళు తిరిగాయి. చింపాంజీల మీద పరిశోధన చేసిన జేన్ గూడాల్ గారు ఉన్న చోటే కదా, మామూలు మనుషులు ఎలా వెళ్తున్నారు? మేం నలుగురం. ఆ కోతుల్ని చూపించమని మా పాప ఏడాదిగా అడుగుతోంది. జూలై సెలవులకి మాటిచ్చేశాను.

నడిచేదారి
పడవ. రోడ్డు లేదు.

కిరణ్‌బాబు
మట్టిరోడ్డు కూడా లేదా? నాది ఫోర్ వీల్ డ్రైవ్ బండి.

నడిచేదారి
పార్కుకి ఉత్తరాన పల్లెల దాకా మట్టిరోడ్డు ఉంది. తర్వాత పడవే. పార్కు లోపల బండికి పని లేదు, కాలినడక.

అరటితోట
కిరణ్ గారూ, దారి సంగతి తర్వాత. ముందు మలేరియా మాత్రల గురించి డాక్టర్ని కలవండి. బయల్దేరకముందే మొదలుపెట్టాలి, తిరిగొచ్చాక కూడా కొన్నాళ్ళు వేసుకోవాలి. చాలామంది ఇంటికి రాగానే ఆపేస్తారు, అక్కడే దెబ్బతింటారు. మా తోడల్లుడు అలాగే ఆపేసి పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. దోమతెర కింద పడుకోండి, సాయంత్రం కాగానే పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. హైదరాబాద్ నుంచి ఎటు మీదుగా వెళ్తున్నారు? వీసా, ఎల్లో ఫీవర్ టీకా కాగితం సిద్ధం చేసుకున్నారా?

కిరణ్‌బాబు
నేను ఉండేది దార్ ఎస్ సలామ్‌లోనేనండీ, ఆరేళ్ళయింది. వీసా గొడవ లేదు.

అరటితోట
ఆ ముక్క మొదటే చెప్పాల్సింది కదండీ. సరే, దార్‌లో ఉన్నా మాత్రల మాట అదే.

ప్రాణిశాస్త్రం మాస్టారు
బాబూ, రెండు తప్పులు దిద్దుకోవాలి. ఒకటి, గూడాల్ గారు 1960 జూలైలో దిగింది గోంబేలో. అది కిగోమాకి ఉత్తరాన ఉంది, పడవలో దగ్గరే. చాలా చిన్న పార్కు, యాభై చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మీరు వెతుకుతున్న మహాలే కిగోమాకి దక్షిణాన నూటపాతిక కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, 1,600 చదరపు కిలోమీటర్లు. న్కుంగ్వే శిఖరం 2,462 మీటర్లు. అక్కడ పనిచేసింది జపాన్ వాళ్ళు. క్యోటో విశ్వవిద్యాలయం నుంచి నిషిదా తోషిసదా గారు 1965లో వెళ్ళి, చెరుకుగడలూ అరటిపళ్ళూ పెట్టి ఆ జీవుల్ని మనుషులకి అలవాటు చేశారు. పళ్ళు పెట్టడం తర్వాత మానేశారు. 1985లో పార్కు అయింది. ఎంత పని చేశారో! మనవాళ్ళకి ఒక్క గూడాల్ పేరే తెలుసు, నిషిదా పేరు ఎవరూ ఎత్తరు. నాకు అది బాధ.

రెండోది, అవి కోతులు కావు. కోతికి తోక ఉంటుంది. చింపాంజీకి లేదు. నరవానరం అనాలి.

పట్టాలమీద
మాస్టారూ, వానరం అంటే కూడా కోతే కద. హనుమంతునికి తోక లేదా? మరి నరవానరం అంటే తోక లేనిదని ఎట్ల తెలుస్తది?

ప్రాణిశాస్త్రం మాస్టారు
"నర" చేరగానే అర్థం మారుతుంది నాయనా. పాఠ్యపుస్తకాల్లో దశాబ్దాలుగా ఉన్న మాటే. కొండముచ్చునీ కోతినీ మనం విడిగా అంటాం కదా, అలాగే దీనికీ ఒక మాట నిలబడాలి.

పట్టాలమీద
చింపాంజీ అంటే పిల్లగాండ్లకు కూడ తెలుసు. అదే అందాం.

లేక్‌సైడ్ పద్మ
స్వాహిలీలో వేరువేరు మాటలున్నాయి. కిరణ్ గారికి తెలిసే ఉంటుంది. చింపాంజీ సోక్వే, బబూన్ న్యానీ, మామూలు కోతి కిమా. గైడుతో "న్యానీ" అంటే బబూన్లని చూపిస్తాడు, అవి ఒడ్డు మీదే బోలెడు.

ఇక అసలు విషయం. నేను రెండేళ్ళ కిందట వెళ్ళాను. దార్ నుంచి కిగోమాకి విమానం, అక్కణ్ణుంచి స్పీడ్ బోట్. ఎనిమిది మందిమి కలిసి మాట్లాడుకున్నాం కాబట్టి మోయగలిగాం, నలుగురికే అయితే భారం. తోడు ఎవరైనా దొరుకుతారేమో కిగోమాలో ముందే వాకబు చేయండి. మాకు అయిదు గంటలు పట్టింది. చెక్క పడవలకి ఒక పూటంతా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తెల్లారకముందే బయల్దేరండి. ఇక్కడి ఎండాకాలంలో, అంటే వానల్లేని నెలల్లో, దక్షిణపు గాలి లేస్తుంది, పొద్దెక్కేకొద్దీ అలలు పెరుగుతాయి. మా పడవాయన అయిదింటికే ఎక్కించేశాడు. ఎడమ పక్కన కొండలు నల్లగా ఉండి మెల్లగా పచ్చబడుతుంటే, కుడి పక్కన అవతల కాంగో కొండలు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. తొమ్మిదయ్యేసరికి అదే నీరు ఎగిరి మొహాన కొట్టింది. బ్యాగులకి ప్లాస్టిక్ కవర్లు కట్టుకోండి.

పార్కు ఫీజు నగదుగా తీసుకోరు. ఇరవైనాలుగు గంటలకి ఒకటి చొప్పున లెక్క. మీకు రెసిడెంట్ రేటు వర్తించాలి, పర్మిట్ అసలు కాగితమే తీసుకెళ్ళండి. పార్కు వాళ్ళ గదులు సరస్సు ఒడ్డున చెట్ల కింద ఉన్నాయి. వంట సామాను కిగోమా సంతలోనే కొనుక్కోండి, అక్కడ కొట్టు లేదు.

కిరణ్‌బాబు
ఇదండీ నాకు కావలసింది. ఎంతసేపు నడవాలి? తప్పకుండా కనపడతాయా?

లేక్‌సైడ్ పద్మ
పొద్దున్నే ట్రాకర్లు ముందు వెళ్ళి వెతికి, వాకీటాకీలో చెప్తారు. మొదటి రోజు మాకు ముప్పావుగంటలో దొరికాయి. రెండో రోజు నాలుగు గంటలు కొండెక్కాం, చెట్ల వేళ్ళు పట్టుకుని పాకాల్సి వచ్చింది. ఎండాకాలం చివర్లో అవి కిందికి దిగుతాయి కాబట్టి జూలై నుంచి అక్టోబరు దాకా నయం. చేరాక గంటసేపే ఉండనిస్తారు. ఒక్కో జట్టులో ఆరుగురికి మించరు. పది మీటర్ల దూరం, మొహానికి మాస్కు. మనుషులకి అలవాటైన చింపాంజీల గుంపుని ఎం గ్రూపు అంటారు, అరవై దాకా ఉంటాయి.

ఆ గంట గురించి ఒక్కటే చెప్తాను. రెండు పెద్ద మగవి ఎదురెదురుగా కూర్చున్నాయి. రెండూ కుడిచెయ్యి పైకెత్తి తలల మీదుగా ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నాయి, ఇంటి కప్పు వాసాల్లాగా. ఎడమచేత్తో ఒకదాని చంకలో ఒకటి మెల్లగా పేలు చూసుకుంటున్నాయి. పెదాలు చప్పరిస్తున్న చప్పుడు వినపడుతోంది. మా జట్టులో ఒకావిడ మాస్కు లోపలే ఏడ్చేసింది.

ప్రాణిశాస్త్రం మాస్టారు
అమ్మా, మీరు చూసింది చాలా ముఖ్యమైనది! అలా చేతులు కలిపి పేలు చూసుకోవడం మహాలేలోనే మొదట గమనించి 1978లో రాశారు. గోంబేలో ఆ అలవాటు లేదు. అక్కడ పుల్లతో చెదపురుగులు తీసి తింటాయి, మహాలే ఎం గ్రూపు చెట్టు తొర్రల్లోంచి చీమలు తీసుకుంటుంది. ఒకే సరస్సు, ఒకే జాతి, రెండు ఆచారాలు. నాకు అరవైతొమ్మిదేళ్ళు, ఇక ఎక్కలేను. మీరు చెప్తుంటే చూసినట్టే ఉంది.

పట్టాలమీద
కిరణన్నా, విమానం ఎందుకు, దార్ నుంచి రైలు ఉంది కద. దొడోమా, టబోరా మీద కిగోమాకు 1,250 కిలోమీటర్లు. 1914ల జర్మనోళ్ళు పట్టాలు అక్కడి దాంక వేసిండ్రు. ఆ రైలు మీదనే ఒక ఓడను ముక్కలు ముక్కలుగ పెట్టెలల్ల తీస్కపోయి కిగోమాల బిగిచ్చిండ్రు. 1916ల మొదటి ప్రపంచ యుద్ధంల శత్రువు చేతుల పడొద్దని ఇంజన్లకు గ్రీజు పూసి వాళ్ళే ముంచిండ్రు. 1924ల ఇంగ్లీషోళ్ళు పైకి తీసిండ్రు, 1927 నుంచి లియెంబా పేరు మీద తిరిగింది. అది మహాలే దగ్గర గూడ ఆగేది. మధ్యల మరమ్మత్తుకు పెట్టిండ్రు, ఇప్పుడు నడుస్తుందా అని పోర్టుల అడుగు. మా నాయిన కాజీపేటల డీజిల్ షెడ్డుల చేసిండు, ఆ గ్రీజు ముచ్చట చెప్తె ఎంత సంబరపడ్డడో.

నడిచేదారి
పాపకి ఎన్నేళ్ళు?

కిరణ్‌బాబు
తొమ్మిది. బాగా నడుస్తుంది, ఆ భయం లేదు.

నడిచేదారి
పన్నెండు నిండాలి. గోంబేలో అయితే పదిహేను.

కిరణ్‌బాబు
నిజంగానా? ఆ ట్రావెల్స్ వాళ్ళు ఒక్క మాట చెప్పలేదు. పాప కోసమే కదండీ ఇదంతా. మనిషి పొడుగ్గానే ఉంటుంది, పాస్‌పోర్టు చూస్తారా?

ప్రాణిశాస్త్రం మాస్టారు
బాబూ, ఆ ఆలోచన వద్దు. బతిమాలి చెప్తున్నాను. పిల్లలకి వచ్చే జలుబులు మనకి మూడు రోజుల్లో పోతాయి, చింపాంజీలకి ప్రాణం మీదికి వస్తాయి. 2006లో అదే ఎం గ్రూపులో ఫ్లూ లాంటి జబ్బు పాకి ఎన్నో చనిపోయాయి. చింపాంజీ అయిదారేళ్ళకి ఒక్క పిల్లని కంటుంది. పోయినవాటి లోటు పూడటానికి ఎన్నేళ్ళు కావాలో ఆలోచించండి. పెద్దవాళ్ళకైనా తుమ్ములుంటే పైకి వెళ్ళకూడదు.

అరటితోట
మాస్టారితో నేనూ ఏకీభవిస్తున్నాను. జ్వరం, దగ్గు ఉంటే ప్రయాణమే మానుకోండి.

లేక్‌సైడ్ పద్మ
కిరణ్ గారూ, నిరాశపడకండి. ఒకరోజు మీరు, ఒకరోజు మీ ఆవిడ పైకి వెళ్ళొచ్చు, ఇంకొకరు పాపతో కింద ఉండొచ్చు. మేమున్న గదుల దగ్గరికి ఎర్ర కొలోబస్ కోతులు వచ్చేవి, వీటికి పొడుగు తోకే మాస్టారూ. పొద్దున అడివి లోపల్నుంచి చింపాంజీల అరుపులు ఒడ్డు దాకా వినపడ్డాయి. పాపకి ఆ అరుపులు వినిపించండి. నీళ్ళలోకి మాత్రం గైడుని అడక్కుండా దిగనివ్వద్దు, మొసళ్ళుంటాయి.

కిరణ్‌బాబు
పాప పక్కనే కూర్చుని ఇదంతా చదివింది. మూడేళ్ళు ఆగుతానంది, తర్వాత గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఇంట్లో మాట్లాడి చూస్తాను. పద్మగారూ, పడవ సంగతి చెప్పినందుకు థాంక్సండీ.

పట్టాలమీద
అన్నా, ఎట్లయినా రైల్ల పోతె లియెంబా కిగోమాల కట్టేసి ఉందా, తిరుగుతుందా చూసి ఒక ఫోటో పెట్టు.